లెక్కకు ఒకరు తక్కువ

రిటైరైన వాళ్లను బడులకు పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పమంటారే, ఆ పిలుపులంటే నాకు ఒళ్లుమంట. కర్నూల్లో కాలేజీ లైబ్రరీలో ఇన్నేండ్లు పనిచేసినాను, మంచి మాటలు విని బాగుపడిన పిల్లను ఒక్కదాన్నీ చూడలేదు. పుస్తకాలు ఎత్తుకుపోయి చదివి బాగుపడిన వాళ్లను మాత్రం ఒకరిద్దరిని చూసినాను. అందుకే ఆ పడమటి పల్లె బడి నుంచి హెడ్‌మేడమ్ ఫోన్ చేసి, "అమ్మా, మీరు మా బడిలో చదివినారంట గదా, తల్లిదండ్రుల మీటింగు పెట్టుకున్యాం, రావాల" అన్నప్పుడు మోకాళ్ల నొప్పులు అడ్డం పెట్టి తప్పించుకుందామనే చూసినాను. ఆమె రాయచోటి మనిషి, గట్టిది. "మోకాళ్లదేముందిమ్మా, కారు బడి వాకిట్లోకే వస్తాది. ఇంకో సంగతి. బీరువా సర్దుతాంటే ఒక పాత ఫైలు దొరికింది. దాంట్లో పిల్లల జాబితా ఒకటి ఉండాది. కింద 'రాసినది కమల, ఏడో తరగతి' అని ఉంటే, ఎవురీ కమల అని ఊరంతా అడిగి మీ నంబరు పట్టుకున్యా" అనింది. జాబితా అనేసరికి నాకు గుండె జల్లుమనింది. ఎందుకు జల్లుమనిందో చెప్పాలంటే కొంచెం దూరం నుంచి నడుచుకుంటా రావాల.

నేను పుట్టింది మైదుకూరు పక్కన మగ్గాల ఊర్లో. మా నాయన మగ్గం వదిలి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు అయినాడు. అయిన పాపానికి, దసరా పండగ పోయిన వారానికే, కర్నూలు జిల్లా పడమటి కొసకు బదిలీ చేసి పారేసినారు. నేనప్పుడు ఏడో తరగతి సగంలో ఉన్నాను. రెండు బస్సులు మారి, ఎద్దులబండెక్కి, పొద్దు గుంకే వేళకు ఆ ఊరు చేరితే, చుట్టూ పత్తి చేన్లు, నడుమ బండల మిద్దెలు, వాటి మీద దుమ్ము. నీళ్లు ఉప్పగా ఉండేవి. ఆ నీళ్లకు కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. మా అమ్మ మొదటి దినం పొయ్యి ముందు కూసోని ఏడ్చింది, పప్పు ఉడకలేదనో, ఊరు విడిచి వచ్చినందుకో, పత్తికట్టె పొగకో నాకు తెలీదు. మూడిటికీ ఒకటే ఏడుపు సరిపోయింది. నాలుగు దినాలకు పక్కింటామె జొన్నరొట్టె తట్టడం నేర్పింది. ఆ తర్వాత మా ఇంట్లో తెల్లవారేది కోడి కూతకు కాదు, అమ్మ రొట్టె తట్టే చప్పుడుకు. రొట్టె, దాంట్లోకి శెనక్కాయలు నూరిన ఊరిమిండి, ఒక ఎర్రగడ్డ. గుడ్డలో మూటగట్టుకుని బడికి పోయేదాన్ని.

ఇంట్లో అసలు పెత్తనం మా జేజిది, మా నాయన్ను కన్నతల్లిది. డెబ్బై ఏండ్లు మగ్గం దగ్గర బతికిన మనిషి. ఆమె చీరలో ఎప్పుడూ నూలుకు పట్టించే గంజి వాసన ఉండేది, మగ్గం లేని ఊరికి వచ్చినా ఆ వాసన పోలేదు. చేతికి పని లేకపోతే ఆమెకు తోచదు. నూలు లేదు, కండెలు లేవు, ఏం చేస్తాది పాపం, వాకిట్లో కూసోని వచ్చేపోయే వాళ్లను విచారించడం పనిగా పెట్టుకుంది. ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు. ఏం పేరు? ఎవురి బిడ్డవు? ఏం తిన్యావు? మొదటిదానికి వచ్చిన జవాబును బట్టి మనిషిని వాకిట్లో నిలబెట్టాలనో, పంచలో కూసోబెట్టాలనో, వంటింటి గడప దాకా రానియ్యాలనో ఆమె లెక్క తేలిపోయేది. పేరు చాలకపోతేనే రెండో ప్రశ్న. మూడో ప్రశ్న మాత్రం అందరినీ అడిగేది, అందరికీ ఏదో ఒకటి పెట్టేది. యాడ పెట్టేది, దేంట్లో పెట్టేది అన్నదే తేడా. ఆమెను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తాది. ఆ వెనకే ఆ గంజి వాసన కోసం ప్రాణం కొట్టుకుంటాది. ఈ రెండూ ఒక మనిషి మీదనే ఎట్ల వస్తాయో నాకు అర్థం కాలేదు.

ఊర్లో ఒకటే బడి, ఏడో తరగతి దాకా. రెడ్ల పిల్లలు, బోయోళ్లు, కురువోళ్లు, సాయిబులు, మాదిగవాడ పిల్లలు, అందరూ ఆ రెండు గదులు, ఒక వరండాలోనే. ఇంకో బడి ఉండింటే ఎవరు యాడికి పోయేవాళ్లో గానీ, లేదు గనక అందరం అక్కడే. నేను పోయిన మొదటి దినం ఆడపిల్లలకు మూడు బల్లలు. రెండు బల్లల్లో ఇరుక్కోని ఇరుక్కోని కూసున్నారు. మూడోదాంట్లో ఒక్కతే పిల్ల, పొడుగ్గా, నూనె లేని జడ. నా అదృష్టమే అదృష్టం, ఎంత జాగా ఉందో అనుకుని పోయి ఆ పిల్ల పక్కన కూసున్నాను. ఆ జాగా ఎందుకు ఖాళీగా ఉందని అడిగే తెలివి నాకు లేకపాయె. నీ పేరేమంటే హుసేనమ్మ అనింది.

హుసేనమ్మ లెక్కల్లో రాక్షసి. సార్ లెక్క చెప్పడం అయిపోయేలోపలే ఆ పిల్ల పెదాలు కదిలి ఆగిపోయేవి. ఆగినాయంటే జవాబు వచ్చినట్లే. నేను తెలుగులో, చేతిరాతలో మిన్న. పరీక్షల్లో ఆమె తర్వాతే నేను. ఆమె నాకు వడ్డీ లెక్కలు చెప్పేది, నేను ఆమెకు పద్యాలు పలికించేదాన్ని. మధ్యాన్నం బల్ల మీద రెండు మూటలూ విప్పి కలిపి తినేవాళ్లం. వాళ్లింటి రొట్టె మందం, మా అమ్మ రొట్టె కంటే రుచి. మా కడప మాటకు ఆమె నవ్వేది, ఆమె డబ్బుల్ని దుడ్లు అంటే నేను నవ్వేదాన్ని. రెండో వారంలో ఒక సాయంత్రం ఇంటికి తీసుకుపోయినాను. జేజి వాకిట్లో ఉండనే ఉంది. "ఏం పేరు మ్మే?" అనింది. పేరు చెప్పగానే ముఖం విచ్చుకుంది. మైదుకూరులో మా పక్కిల్లు సాయిబులది, మస్తాన్‌బీ అని, జేజికి ప్రాణస్నేహితురాలు. రంజానుకు ఆమె సేమ్యా పంపితే జేజి ఆ గిన్నెలో ఉగాది భక్ష్యాలు పెట్టి పంపేది. హుసేనమ్మ అన్న పేరు వినగానే జేజికి మస్తాన్‌బీ వాకిట్లోకి వచ్చినట్లే అయింది. రెండో ప్రశ్న అడగలేదు. "రా తల్లీ" అని పంచలో కూసోబెట్టి, మేము తాగే గ్లాసులోనే మజ్జిగ పోసి చేతికిచ్చింది. హుసేనమ్మ ఆ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని శానాసేపు తాగింది. అంత దప్పికైందా అనుకున్నాను.

మా హెడ్మాస్టరు ఓబులేసు సార్. మనిషి బంగారం, కండ్లే లేవు. రెండు కండ్లలో శుక్లాలు ముదిరిపోయినాయి. ఆ సంగతి పై ఆఫీసుకు తెలిస్తే యాడ ఇంటికి పంపుతారోనని బయటికి చెప్పలేదు. పాఠాలన్నీ నోటికి వచ్చు. పిల్లల్ని అడుగుల చప్పుడుతో గుర్తుపట్టేవాడు. రాసే పని మాత్రం ఎవరో ఒక పిల్లకో పిల్లోనికో అప్పజెప్పేవాడు. అంతకు ముందు రాసే పిల్లోడు ఆ ఏడు అందరికంటే ముందే అమ్మానాయనలతో సుగ్గికి పోయినాడు. సుగ్గి అంటే ఆ పడమటి ఊర్లకు తెలియనిది కాదు. పండక, పని లేక, దీపావళి అయితానే పిల్లా జల్లా లారీలెక్కి గుంటూరు పక్క పత్తి తీయనీకి, మిరపకాయలు కోయనీకి పోయి ఉగాదికి వస్తారు. ఆ నాలుగైదు నెల్లు బడిలో సగం బల్లలు ఖాళీ. పోయిన పిల్లల్లో ఎందరు తిరిగి పలక పట్టేవాళ్లో దేవునికి తెలియాల. నా చేతిరాత గురించి ఎవరో చెప్పినారు, సార్ నన్ను కుర్చీ పక్కన కూసోబెట్టుకుని, "కొత్త పాపా, ఇంక నా కండ్లు నువ్వే" అన్నాడు. ఏడో తరగతి పిల్లకు ఆ మాట ఎంత మత్తో చెప్పలేను. నేలకు జానెడు ఎత్తున నడిచినాను. రాసిన ప్రతి కాగితం కింద రాసినవాళ్ల పేరు కూడా పెట్టమనేవాడు, కష్టం ఒకరిది పేరు ఇంకొకరిది కాకూడదని.

హుసేనమ్మ వాళ్లు కూడా దీపావళి అయిన తర్వాతి వారం పోవాల. ఆమె నాయనకు బిడ్డను చదివించాలని లేకపోలేదు. "టౌన్లో హాస్టలు సీటు వస్తే ఉండు, ఏడో తరగతి పరీక్ష రాసుకో. రాకపోతే మాత్రం నువ్వు మాతోపాటు రావాల్సిందే, నీది గూడా ఒక మనిషి కూలి" అన్నాడంట. ఆ మాట ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో. సీటు వస్తే పరీక్ష, పరీక్ష రాస్తే హైస్కూలు. రాకపోతే మిరపచేను. ఆమె బతుకంతా ఆ ఒక్క సీటు మీద ఉందని ఇద్దరికీ తెలుసు.

అప్పట్లో అర్ధ సంవత్సరానికి ఒకసారి పై ఆఫీసుకు ఒక పట్టిక పోవాల. ఏ తరగతిలో మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు, వాళ్లలో హరిజనులెందరు, వెనుకబడినోళ్లెందరు, ముస్లిములెందరు, ఇతరులెందరు. ఆ మాటలే రాసి ఉండేవి గళ్ల మీద. వెనక పేర్ల జాబితా. సార్ పద్ధతి ఏమంటే, కుర్చీలో కూసోని, "హరిజన పిల్లలు లేయండి" అనేవాడు. లేస్తారు. నేను లెక్కపెట్టి పేర్లు రాసుకుంటాను. "కూసోండి. సాయిబుల పిల్లలు లేయండి." లేస్తారు. పశువుల సంతలో కూడా అంత బాహాటంగా ఎంచరని ఇప్పుడనిపిస్తాది గానీ, ఆ పొద్దు మాకెవరికీ అది తప్పుగా తోచలేదు, సార్‌తో సహా. మా నాయన ఎద్దుల పండ్లు చూసి వయసు రాసుకున్నట్లు నేను రాసుకుంటా పోయినాను. అందరూ లేచి కూసున్నాక కూడి చూస్తే, హాజరుపట్టీలో ఉన్నదానికి ఒకరు తక్కువ. సార్‌కు చెప్పింటే మళ్లీ లేపి ఎంచమనేవాడు. నాకు నామోషీ. ఆయన కండ్లను గదా నేను, కండ్లు తప్పు చూస్తాయా? పేర్లు ఒకటొకటే సరిచూసుకుంటా పోయి హుసేనమ్మ దగ్గర ఆగినాను. ఓ, సాయిబుల పిల్లలు లేచినప్పుడు ఈమె లెక్కల ధ్యాసలో ఉన్నట్లుందని, ముస్లిం గడిలో ఆమె పేరు రాసి మొత్తం సరిచేసినాను. అడగాల్సిన అవసరమే కనపడలేదు. పేరే చెప్తాంది గదా.

రెండు దినాలకు హాస్టలు కాగితం వచ్చింది. టౌన్లో హరిజన ఆడపిల్లల హాస్టల్లో కొన్ని సీట్లు ఖాళీ అయినాయి, సుగ్గికి పోయే ఇండ్ల పిల్లల పేర్లు వెంటనే పంపమని. సార్ నా చేతికిచ్చి, "మన పట్టికలో ఆ గడిలో ఉండే ఆడపిల్లల పేర్లు ఎత్తి రాయి పాపా" అన్నాడు. ఎత్తి రాసినాను. చిన్న తరగతుల పిల్లలు నలుగురు వచ్చినారు. హుసేనమ్మ పేరు రాలేదు. సాయిబుల పిల్లలకు ఇంకో హాస్టలు ఉంటాదేమో, ఇంకో కాగితం వస్తాదేమో అనుకున్నాను. సార్ నేను వేలు పెట్టిన చోట సంతకం చేసి, కాగితం సంచిలో పెట్టుకున్నాడు. సోమవారం టపాలో వేయాలని.

ఆదివారం మా ఇంటికి ఒకాయన వచ్చినాడు, మేక ఈనలేక అవస్థపడతాందని నాయన కోసం. వీధిలోనే చెప్పులు విడిచి, వాకిలికి అవతల నిలబడినాడు. జేజి మూడు ప్రశ్నలూ అడిగింది. ఆయన రెండో దానికి జవాబు చెప్తా, "మాది మాదిగవాడమ్మా. మా హుసేనమ్మ, మీ పాప జతగాళ్లే గదా, మా పాప పొద్దస్తమానం మీ మాటే చెప్తాది" అన్నాడు, ఎంతో సంబరంగా. "హుసేనమ్మ అని పేరు పెట్టుకుంటిరి?" అనింది జేజి. "పీర్ల పండక్కి నిప్పుల గుండం తొక్కి మొక్కుకుంటే పుట్టిందిమ్మా. మా అన్న కొడుకు గూడా హుసేనప్పే" అన్నాడాయన. నాయన సంచి తీసుకుని ఆయన వెంట పోయినాడు. జేజి లోపలికొచ్చి ఆ గ్లాసు తీసింది. చింతపండు పెట్టి, బూడిద పెట్టి, మళ్లీ చింతపండు పెట్టి తోమింది. తోమి వంటింట్లో పెట్టలేదు, పంచలో గూట్లో బోర్లించింది. "మా ఊర్లోనూ పెట్టుకుంటారు ఇట్లాంటి పేర్లు. ముసలిదాన్ని, నాకు తోచకపాయె" అని తనను తానే తిట్టుకుంది. నన్ను ఒక్కమాట అనలేదు. "ఆ పిల్లను మళ్లా ఇంటికి తీసుకురాబాక" అనింది, అంతే. అమ్మ పొయ్యి వైపు తిరిగి కూసుంది.

నాకు మాత్రం గ్లాసు సంగతి కాదు అప్పుడు తట్టింది, గడి సంగతి. హాస్టలు జాబితా ఇంకా సార్ సంచిలోనే ఉంది. సోమవారం పొద్దున్నే పోయి, సార్, ఒక పేరు తప్పిపోయింది అంటే చాలు, ఆయన అక్కడికక్కడే ఐదో పేరు రాయించేవాడు. ఆ ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. అంటే పట్టిక తప్పని తేలుతాది, మళ్లీ రాయాల, సార్ నా చేతిలో నుంచి కలం తీసుకుని ఇంకొకరికి ఇస్తాడు. ఇదీ నా భయం. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు, ఉంటే చెప్పుకునేదాన్ని. తేలు కుట్టిన దొంగ మాదిరి కూసున్నాను. పదకొండు గంటలకు టపా మనిషి వచ్చి సంచి తీసుకుపోయినాడు.

గురువారానికి జవాబు వచ్చింది, నలుగురికీ సీట్లు. హుసేనమ్మ నాయన బడికి వచ్చి వరండా కింద నిలబడి, "మా పాప పేరు రాల్యాదంట సార్" అన్నాడు. సార్ నన్ను చదవమన్నాడు. చదివినాను. ఇంకోసారి చదవమన్నాడు. నాలుగు పేర్లు నాలుగు పేర్లే. ఆయన తల పట్టుకుని, "కండ్లు లేని నాకొడుకును, నేనే యాడో తప్పు చేసినాను నాయనా" అన్నాడు ఆ కూలి మనిషితో. పిల్లలందరి ముందర అన్నాడు. ఆ పొద్దే టౌనుకు పోయినాడు బస్సులో. సీటు ఇంకొకటి ఉందంట గానీ, పట్టికలో పిల్ల ముస్లిం అని పోయింది గనక తాసిల్దారు దగ్గర కుల సర్టిఫికెట్టు తెమ్మన్నారంట. దానికి పది దినాలన్నా పడుతాది. ఆ తప్పును కూడా తన కండ్ల మీదే వేసుకున్నాడు సార్, నన్ను అడగలేదు. లారీ ఆదివారం. కూలోళ్లను తీసుకుపోయే మేస్త్రీ పది దినాలు ఆగుతాడా, పత్తి ఆగుతాదా? ఆదివారం ఆ వాడ వాడంతా మూటలు, కుండలు, కోళ్లతో సహా లారీ ఎక్కింది. నేను చూడనీకి పోలేదు.

ఆ ఏడు ఏడో తరగతి పరీక్షలో మా బడికి ఫస్టు నేనే. సార్ నా పేరు చెప్పి, "లెక్కల్లో మాత్రం ఇంకా బాగా రావాల్సింది పాపా" అన్నాడు. ఎండాకాలంలో ఎవరో బలవంతం చేసి ఆయనకు కర్నూల్లో కంటి ఆపరేషన్ చేయించినారు. మాకు మళ్లీ బదిలీ అయింది. ఆయన కండ్లు వచ్చినాక ఆ పట్టిక తీసి చూసుకున్నాడో లేదో, చూసుంటే ఏమనుకున్నాడో నాకు తెలీదు. ఆయన పోయి శానా ఏండ్లయింది. చెప్పుకోవాల్సిన మొదటి మనిషికి నేను చెప్పుకోలేదు.

ఇంతకూ మీటింగుకు పోయినాను. బడి ఇప్పుడు పెద్దదైంది, గోడల మీద రంగులు, బొమ్మలు, నీళ్ల ఫిల్టరు, బల్లలన్నీ కొత్తవి. కూసునే పిల్లలే తక్కువ. పొద్దున ఎనిమిదింటికి పచ్చ వ్యాన్లు రెండు వచ్చి కాస్త స్థితిపరుల పిల్లల్ని టౌను కాన్వెంటుకు ఎక్కించుకుపోతాయి. కొడుకును వ్యాను ఎక్కించి కూతుర్ని ఈ బడికి పంపే ఇండ్లు కూడా ఉన్నాయి, అందుకే ఏ తరగతిలో చూసినా ఆడపిల్లలే ఎక్కువ. మిగిలింది కూలి చేసుకునే వాళ్ల బిడ్డలు. అంటే మేము చదివినప్పుడు రెడ్డి కొడుకూ మాదిగ కూతురూ ఒకే గదిలో దూరం దూరం కూసునేవాళ్లం, ఇప్పుడు దగ్గర దగ్గర కూసున్నారు గానీ గదిలో రెడ్డి కొడుకే లేడు. ఏది మేలో నాకు తేలలేదు. హెడ్‌మేడమ్ ఫోను తీసి పిల్ల ముఖానికి పెడితే హాజరు పడుతాది. గళ్లు ఆ ఫోన్లో కూడా ఉన్నాయి, చూపించింది, కాని ఎవర్నీ లేపి నిలబెట్టే పని లేదు. సుగ్గి మాత్రం ఉంది. పోయిన వాళ్ల పిల్లలకు బడిలోనే ఒక గదిలో అన్నం పెట్టి పడుకోబెట్టే ఏర్పాటు చేసినారు. పేర్లు కూడా మారిపోయినాయి. హుసేనమ్మలు, మద్దమ్మలు లేరు. అందరూ హర్షితలూ దీక్షితలే. ఇప్పుడు మా జేజి ఉండింటే మొదటి ప్రశ్నతో ఏమీ తేల్చుకోలేక సతమతమయ్యేది.

ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. ఆ పట్టిక నీలం కార్బన్ కాపీ, నా గుండ్రటి అక్షరాలు. ఎంత ముద్దుగా రాసినానో. "ఈ హుసేనమ్మ ఊర్లో ఉండాదా?" అని అడిగినాను. "మా హర్షిత వాళ్ల జేజి గదా. కొడుకూ కోడలూ సుగ్గికి పోయినారు. మనవరాలి కోసం ఈమె ఈడనే నిలిచిపోయింది. లెక్కల్లో ఆ పిల్లను కొట్టేవాళ్లు లేరమ్మా. మీటింగుకు వస్తాది చూడండి" అనింది మేడమ్. నాలుగు మంచి మాటలు ఏం చెప్పినానో నాకు గుర్తులేదు. నా కండ్లు వచ్చిన ఆడవాళ్ల మీదనే. సంతకాల పుస్తకం దగ్గర వేలిముద్ర వేసేవాళ్లు వేస్తాంటే, ఒక పొడుగు మనిషి వంగి, పెన్ను తీసుకుని, పేరు పూర్తిగా రాసింది.

దగ్గరికి పోయి, "కమలను. కాంపౌండరు కూతుర్ని" అన్నాను. అరచేయి నోటికి పెట్టుకుంది. "నువ్వా! ఎంత లావైతివమ్మా!" అనింది. ఇద్దరం వరండా మెట్ల మీద కూసున్నాం. ఏండ్ల తరబడి లోపల పెట్టుకున్నది ఒక్క ఊపిరిలో చెప్పేసినాను. పట్టిక, గడి, సోమవారం, టపా, అన్నీ. నీ సీటు పోయింది నా వల్ల, సార్ వల్ల కాదు, తెలిసీ నోరు మూసుకున్నాను అని. కాగితం చూపించినాను. ఆమె తన పేరు మీద వేలు పెట్టి చదువుకుంది. ఏడుస్తాదేమో, తిడుతాదేమో అనుకున్నాను.

"నువ్వేం చేస్తావు మ్మే. నేను లేయల్యా గదా" అనింది.

"అంటే?"

"సార్ లేయమన్యాడు. మా వాడ యంకటేసు లేచినాడు, వెనక నుంచి నా జడ పట్టి గుంజినాడు గూడా. నేను లేయల్యా. పుస్తకంలో మూతి పెట్టుకోని కూసున్యా."

"ఎందుకు హుసేనమ్మా?"

"ఎందుకంటే ఏం చెప్పేది. ఆ బల్ల మీద ఐదేండ్లు ఒక్కదాన్నే కూసున్యా. నువ్వొచ్చి కూసుంటివి. నా రొట్టె తింటివి. మీ జేజి గ్లాసు చేతికిచ్చె. లేచినానంటే అదంతా పోతాదని తెల్దా నాకు? సీటు పోతాదని మాత్రం తెల్దు. తెలిసింటే లేచేదాన్నేమో, లేచేదాన్ని కాదేమో. చిన్న పిల్లను, నాకేం బుద్ధి ఉండాది అప్పుడు." కొంగుతో మూతి తుడుచుకుని నవ్వింది. "తమాషా చూడు. నేను లేయకుండా కూసుంటే, వారం తిరక్కుండానే నువ్వే లేచి అవతలి బల్లకు పోతివి."

ఆ నవ్వులో కోపమేమీ లేదు. ఉండింటే బాగుండేది. ఇంతవరకూ రాసినదాంట్లో నేను ఆ సంగతి రాయలేదు, చూసే ఉంటారు. మరిచిపోయి కాదు. జేజి ఇంటికి తీసుకురావద్దనింది గానీ, బడిలో పక్కన కూసోవద్దని ఎవరూ అనలేదు, జేజీ అనలేదు, అమ్మా అనలేదు. టపా మనిషి పోయినాక ఆ సోమవారమే, ఇక్కడ బోర్డు మీద ఎండ పడి కనపడడం లేదు సార్ అని, పుస్తకాలు తీసుకుని రెడ్డి కూతురు పక్కకు పోయి ఇరుక్కున్నాను. బోర్డు ఎట్లుందో చూడలేని ఆ మనిషి, సరే పాపా అన్నాడు. లారీ ఎక్కేదాకా ఆ ఆరు దినాలు ఆమె ఆ బల్ల మీద ఒక్కతే కూసుంది. జాబితా తప్పుకు ఎన్నేండ్లుగానో మాటలు తయారుచేసుకుని పోయినాను. దీన్ని ఆ మాటల్లో చేర్చుకోలేదు.

"పోయినాను హుసేనమ్మా" అన్నాను.

"ఊ, పోతివి" అనింది.